పదిహేనేళ్ల అమ్మాయిని ప్రపంచ స్కౌట్ జాంబోరీకి పంపే ముందు ఏమి అడిగి తెలుసుకోవాలి?

వేకువ అడిగిన ప్రశ్న

మా అమ్మాయి అయిదేళ్లుగా స్కౌటింగ్‌లో ఉంది. 2027లో పోలండ్‌లో జరగబోయే 26వ ప్రపంచ స్కౌట్ జాంబోరీకి, అంటే అనేక దేశాల స్కౌట్లు కలిసే పెద్ద శిబిరానికి, వెళ్లే దేశ బృందంలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటానని పట్టుబడుతోంది. శిబిరం జులై 30న మొదలై ఆగస్టు 8 వరకు గ్దాన్‌స్క్‌లోని సోబ్యెషెవో ద్వీపంలో జరుగుతుంది. అప్పటికి తనకు పదిహేనేళ్లు నిండుతాయి. మేమిద్దరమూ తనతో వెళ్లే అవకాశం లేదు, వెళ్లినా శిబిరంలో ఉండనివ్వరని తెలుసు.

నా భయం రెండు కారణాల వల్ల. ఒకటి, 2023లో కొరియాలో జరిగిన జాంబోరీ గురించి అప్పట్లో వచ్చిన వార్తలు నేను మరచిపోలేదు. ఎండకు పిల్లలు సొమ్మసిల్లిపోవడం, ఆ తరువాత తుపాను వస్తోందని శిబిరాన్నే ఖాళీ చేయించడం టీవీలో చూశాను. రెండవది మా అమ్మాయి స్వభావానికి సంబంధించినది. తను ధైర్యం లేని పిల్ల కాదు, పని ఎగ్గొట్టే పిల్ల అంతకన్నా కాదు. కానీ ఒంట్లో బాగా లేకపోతే చెప్పదు. నిరుడు కాలి మడమ దగ్గర బొబ్బ పగిలి చీము పట్టేదాకా మాకు తెలియలేదు. అడిగితే, "అందరూ నడుస్తున్నారు కదా" అన్నది. ఇంట్లోనే ఇలా ఉన్న పిల్ల, వేల మంది మధ్య, తెలియని దేశంలో ఎవరికి చెప్పుకుంటుంది?

మావారు ఈసారి వద్దని, కాస్త పెద్దదయ్యాక వచ్చే జాంబోరీకి పంపుదామని అంటున్నారు. శిబిరాలకు వెళ్లినవారు, పిల్లలను పంపినవారు, తీసుకెళ్లినవారు ఎవరైనా ఉంటే, పంపవచ్చా లేదా అన్నదానికన్నా ముందు, మేము ఎవరిని ఏమి అడగాలో చెప్పగలరా? కాగితాల విషయం కూడా తెలిస్తే రాయండి.

గుడారం మేస్త్రి

వేకువ గారూ, నేను రెండు అంతర్జాతీయ శిబిరాలకు యూనిట్ నాయకుడిగా పిల్లలను తీసుకెళ్లాను. మీ ప్రశ్న అడగవలసిన తీరులోనే అడిగారు కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను.

ముందు మీవారి మాట. ప్రపంచ జాంబోరీ మామూలుగా నాలుగేళ్లకు ఒకసారి వస్తుంది. అందులో శిబిరార్థిగా పాల్గొనే వయసు 14 నుంచి 17 ఏళ్ల వరకే. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే ఏ పిల్లకైనా శిబిరార్థిగా దక్కేది దాదాపు ఒక్క జాంబోరీయే. 2027లో మీ అమ్మాయికి పదిహేను అయితే, ఆ తరువాతి దానికి పందొమ్మిది నిండుతాయి. అప్పుడు వెళ్లవచ్చు గాని సేవా బృందం సభ్యురాలిగా వెళ్లాలి. అంటే వంటశాల దగ్గరో, దారి చూపే చోటో, కార్యక్రమాల దగ్గరో పనిచేయడానికి. అదీ మంచి అనుభవమే, కానీ వేరే అనుభవం. కనుక మీ ఇంట్లో చర్చ ఇప్పుడా తరువాతా అని కాకుండా, ఇప్పుడా లేక అసలు వద్దా అని జరగాలి.

ఇక శిబిరంలో పిల్ల ఎవరి మధ్య ఉంటుందో చెబుతాను. వార్తల్లో నలభై వేల మంది అని చదివినప్పుడు మనకు తిరునాళ్లలో తప్పిపోయిన పిల్ల గుర్తుకు వస్తుంది. నిజానికి మీ అమ్మాయి బతికేది తొమ్మిది మంది మధ్య. జాంబోరీ యూనిట్ అంటే 36 మంది పిల్లలు, నలుగురు పెద్దలు. ఆ 36 మంది తొమ్మిదేసి మంది చొప్పున నాలుగు పెట్రోళ్లుగా, అంటే చిన్న దళాలుగా, ఉంటారు (తెలుగులో రాస్తే బండికి పోసే పెట్రోలుకూ దీనికీ తేడా కనిపించదు, ఏం చేస్తాం). వంట, సామాను, గుడారాల బాధ్యత అంతా పెట్రోల్‌దే. 1907లో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో సుమారు 20 మంది కుర్రాళ్లతో మొదటి ప్రయోగ శిబిరం పెట్టినప్పుడు కూడా వారిని ఇలాగే చిన్న దళాలుగా విడదీశాడు. మందిలో మనిషి కనబడకుండా పోకూడదన్నదే ఈ ఏర్పాటు వల్ల కలిగే ముఖ్యమైన మేలు. పొద్దున ఒకరు గిన్నె ముందు కూర్చుని తినకుండా లేచిపోతే మిగతా ఎనిమిది మందిలో ఒక్కరైనా చూస్తారు.

కొరియా విషయానికి వస్తే, అక్కడ ఏమి జరిగిందో తెలుసుకోవడం మీకు పనికివస్తుంది. సెమాన్‌గుమ్ అనే ఆ స్థలం సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. చెట్టు నీడ లేదు. అంతకు ముందు కురిసిన వానలకు నీరు నిలిచి దోమలు చేరాయి. ఆగస్టు మొదటి వారంలో ఎండ 35 డిగ్రీలకు చేరింది. మరుగుదొడ్ల శుభ్రత, ఆహారం, వైద్యం మీద ఫిర్యాదులు వచ్చాయి. నాలుగు వేల మందికి పైగా ఉన్న బ్రిటన్ బృందం శిబిరం మధ్యలోనే సియోల్‌లోని హోటళ్లకు వెళ్లిపోయింది. అమెరికా, సింగపూర్ బృందాలు కూడా బయటికి వచ్చాయి. తరువాత ఖానూన్ తుపాను కారణంగా ఆగస్టు 8న మిగిలినవారందరినీ వెయ్యికి పైగా బస్సుల్లో తరలించారు. ముగింపు వేడుక 11న సియోల్ ప్రపంచకప్ స్టేడియంలో జరిగింది.

ఈ కథలో నేను గమనించిన సంగతి ఒకటుంది. ఆతిథ్య దేశం ఏర్పాట్లు చెడినప్పుడు పిల్లలను కాపాడింది వారి వారి దేశ బృందాల నిర్ణయమే. ఎప్పుడు బయటికి రావాలో ముందే అనుకుని, దానికి తగిన డబ్బూ మనుషులూ సిద్ధంగా ఉన్న బృందాలు తొందరగా కదిలాయి. కనుక శిబిరం భద్రమా కాదా అని ఎవరినీ అడగకండి. ఎవరైనా భద్రమనే అంటారు. మీ బృందం నాయకుడిని ఇలా అడగండి: ఏ పరిస్థితి వస్తే మీరు పిల్లలను శిబిరం నుంచి బయటికి తీసుకువస్తారు? ఆ నిర్ణయం ఎవరిది? ఎక్కడ ఉంచుతారు? దానికి డబ్బు విడిగా పెట్టారా? మా పిల్లను ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, మిగతావారు తిరుగు విమానం ఎక్కిన తరువాత ఆమె దగ్గర ఎవరు ఉంటారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన నాయకుడిని నమ్మవచ్చు.

మీ రెండవ భయం నా దృష్టిలో మొదటిదానికన్నా పెద్దది, మీరు దాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. నేను తీసుకెళ్లిన ఒక శిబిరంలో ఒక అబ్బాయి తలనొప్పిగా ఉన్నా రెండు రోజులు చెప్పలేదు. మరుగుదొడ్డి దగ్గర వరుస ఎక్కువగా ఉందని నీళ్లు తాగడం తగ్గించాడట. మూడవ రోజు కుప్పకూలిపోయాడు. అదృష్టవశాత్తూ నీడలో పడుకోబెట్టి, లవణాల ద్రావణం తాగించి, ఒక పూట చికిత్స చేస్తే కోలుకున్నాడు. ఎండ తగిలినప్పుడు తలనొప్పి, వికారం, నిస్సత్తువ ఉన్న దశలో చెబితే సులభంగా సర్దుకుంటుంది. మాట తడబడి, అయోమయం మొదలై, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే అది ప్రాణాపాయం. ఈ రెండు దశల మధ్య వ్యవధి చాలా సందర్భాలలో పిల్ల నోరు తెరవడం మీదే ఆధారపడి ఉంటుంది. మా యూనిట్‌లో ఆ తరువాత ఒక నియమం పెట్టుకున్నాము. బాగున్నావా అని ఎవరినీ అడగము, బాగున్నాననే అంటారు. ఈ రోజు ఎన్నిసార్లు సీసా నింపావు, మూత్రం రంగు ఎలా ఉంది, నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు అని అడుగుతాము. చెప్పని పిల్లలు కూడా లెక్కలు చెబుతారు.

ఎడమచేయి

అమ్మా, నేను మీ అమ్మాయి వయసులో ఒక జాంబోరీకి వెళ్లాను, తరువాత ఇంకో అంతర్జాతీయ శిబిరంలో సేవా బృందంలో పనిచేశాను. చెప్పని పిల్లల్లో నేనూ ఒకదాన్ని కనుక రాస్తున్నాను.

మొదటి రెండు రోజులు ఇల్లు గుర్తుకే రాదు. కొత్తవాళ్లు, బ్యాడ్జీల మార్పిడి, స్కార్ఫుల మార్పిడి, స్కౌట్ల పద్ధతిలో ఎడమ చేతి కరచాలనం, భాష రాకపోయినా గంటల తరబడి సాగే మాటలు. బ్యాడ్జీలు ఎక్కువ తీసుకెళ్లమనండి, ముఖ్యంగా బిడియం ఉన్న పిల్లలకు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియనప్పుడు చేతిలో ఒక బ్యాడ్జీ ఉంటే చాలు, అవతలివారే మొదలుపెడతారు. మూడో రోజో నాలుగో రోజో, నిద్ర చాలక, బట్టలు తడిసి, వంటలో వంతు వచ్చి, అన్నీ ఒకేసారి మీద పడినప్పుడు ఏడుపు వస్తుంది. నాకు గుడారంలో రాత్రిపూట వచ్చింది. పక్కన పడుకున్న అమ్మాయి కూడా ఏడుస్తోందని కాసేపటికి తెలిసింది. ఇద్దరమూ ఒకరికి ఒకరు వినపడకుండా ఏడుస్తున్నామన్నమాట. అది తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది.

దయచేసి, "బాగా లేకపోతే చెప్పు, వచ్చి తీసుకెళ్తాము" అని మాట ఇవ్వకండి. విదేశంలో ఆ మాట నిలబెట్టుకోలేరు. పైగా ఆ మాట విన్న పిల్ల ప్రతి చిన్న కష్టంలోనూ వెళ్లిపోవాలా ఉండాలా అని తూకం వేసుకుంటూ ఉంటుంది. దాని బదులు, "మూడో రోజు బాధగా ఉండవచ్చు, అది పోతుంది, పోకపోతే నాయకురాలితో చెప్పు" అని ముందే చెప్పి ఉంచండి. మా అమ్మ అలా చెప్పి ఉంటే నాకేదో లోపం ఉందని అనుకునేదాన్ని కాదు. ప్రపంచ జాంబోరీలలో మనసు విప్పి మాట్లాడుకోవడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు ఉండే చోటు ఉంటుంది, దానికి వినే చెవి అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. సొంత నాయకులతో చెప్పుకోలేని మాట అయితే అక్కడికి వెళ్లవచ్చు. నేను సేవా బృందంలో ఉన్నప్పుడు దారి అడిగి అక్కడికి వెళ్లిన పిల్లలు చాలామందే.

ఫోను సంగతి. ఛార్జింగ్ దొరకడం కష్టం, నెట్ అందరూ ఒకేసారి వాడితే కదలదు. రోజూ మాట్లాడాలని నియమం పెట్టుకుంటే ఒక రోజు కుదరకపోయినా మీరు నిద్రపోరు, మీరు నిద్రపోలేదని తనకూ తెలుస్తుంది. రెండు మూడు రోజులకు ఒక సందేశం చాలని, కబురు లేకపోతే అంతా బాగున్నట్లేనని ఒప్పందం చేసుకోండి. అవసరమైతే బృందం నాయకులే మీకు ఫోను చేస్తారు.

ఇంకొక మాట అడగలేదు కానీ చెబుతున్నాను. ప్రయాణం, నిద్రలేమి, ఎండ వల్ల నెలసరి తేదీలు తారుమారు కావచ్చు. లెక్క ప్రకారం రాదని ఊరుకోకుండా సరిపడా సరంజామా సంచిలో పెట్టండి. నేను మూడు కిలోమీటర్లు నడిచి వైద్య శిబిరానికి వెళ్లి అడగవలసి వచ్చింది. అడగడానికి పట్టిన ధైర్యం నడకకు పట్టలేదు.

తిరుగుటపా

పై ఇద్దరి మాటలూ చదివాను. ఇద్దరూ పంపమనే ధోరణిలో రాశారు కనుక రెండో వైపు కూడా ఒకరు రాయాలి.

మా అబ్బాయికి అవకాశం వచ్చినప్పుడు మేము పంపలేదు. వాడు ధైర్యవంతుడే, కానీ గుంపు అంటే సరిపడదు. జీవితంలో ఒక్కసారే వచ్చే అవకాశం అన్న మాట మాకూ చాలామంది చెప్పారు. ఆ మాట మీద నాకు గౌరవం తక్కువ. తొందరపెట్టి ఒప్పించాలనుకునే ప్రతివారూ చెప్పే మాట అది. పదిహేనేళ్ల పిల్లకు పది రోజుల శిబిరం, దానికి ముందూ వెనకా ప్రయాణం, అవి కాక కొన్ని బృందాలు పెట్టుకునే ఊళ్ల సందర్శన, అన్నీ కలిపితే దగ్గర దగ్గర మూడు వారాలు. ఖర్చు ఎలాగూ ఉంది. దేశాలను ఆర్థిక స్థాయిని బట్టి విభజించి రుసుము వేరువేరుగా నిర్ణయిస్తారు, కానీ విమానపు టికెట్టుకు అలాంటి రాయితీ ఏదీ లేదు.

స్కౌటింగ్‌లో విదేశం చూడాలంటే జాంబోరీ ఒక్కటే దారి కాదు. స్విట్జర్లాండ్‌లోని కాండెర్‌స్టెగ్‌లో 1923 నుంచి అంతర్జాతీయ స్కౌట్ కేంద్రం ఉంది. ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది, గోడలూ కప్పూ ఉన్న గదులు కూడా ఉంటాయి. మా అబ్బాయి తన ట్రూప్‌లోని పది మందితో రెండేళ్ల తరువాత అక్కడికి వెళ్లి వచ్చాడు. వేర్వేరు దేశాల పిల్లలతో కలిసి కొండలు ఎక్కాడు. నలభై వేల మందిని చూడలేదు, చూడనందుకు చింతించనూ లేదు. చెప్పని పిల్ల విషయంలో, చెప్పడం వచ్చేదాకా చిన్న శిబిరాలకే పంపడం మేలని నా అభిప్రాయం.

గుడారం మేస్త్రి

తిరుగుటపా గారి మాటలో సగం ఒప్పుకుంటాను. గుంపు సరిపడని పిల్లను జాంబోరీకి పంపడం తప్పే, కాండెర్‌స్టెగ్ మంచి చోటే. నేను ఒప్పుకోని సగం ఏమిటంటే, వేకువ గారు చెప్పిన పిల్లకు గుంపుతో ఇబ్బంది లేదు, ఇతరులకు భారం అవుతానేమోనన్న సంకోచం ఉంది. అది పది మంది ఉన్న శిబిరంలోనూ ఉంటుంది. చిన్న గుంపులో అందరూ తననే చూస్తారని ఇంకా ఎక్కువ కావచ్చు కూడా. ఇంకా సమయం ఉంది కనుక ఈలోగా ఆ అలవాటును మార్చే ప్రయత్నం చేయవచ్చు. బృందం కలిసి చేసే శిక్షణ శిబిరాలలో ఏదీ తప్పించకండి. మూడు రాత్రుల శిబిరం ముగిసిన తరువాత నాయకురాలితో మీరు కాకుండా మీ అమ్మాయే కూర్చుని, తనకు ఏమి ఇబ్బంది అయిందో చెప్పేలా చూడండి. మరొక పని, ఆరోగ్య పత్రాన్ని మీరు నింపకండి. తననే నింపమని, తరువాత మీరు చదివి సంతకం పెట్టండి.

వేకువ

అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారు చెప్పినట్లు నమూనా ఆరోగ్య పత్రం తెప్పించి తన చేతికే ఇచ్చాము. ఎండలో గంటకు మించి ఉంటే కుడి కంటి పైన నొప్పి వస్తుందని, అది రెండేళ్లుగా ఉందని అందులో రాసింది. మాకు తెలియదు. మావారు ఆ కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు, తరువాత కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అద్దాలు కావాలట. దరఖాస్తు పెట్టమని ఆయనే చెప్పారు, తుది నిర్ణయం శిక్షణ శిబిరాలు అయ్యాకే తీసుకుందామన్న షరతు మీద. ఎంపిక జరిగితే మాకు వీసా అవసరం అవుతుంది. కాగితాలు, మందులు, టీకాల గురించి ఎవరైనా చెప్పగలరా?

గుడారం మేస్త్రి

ఈ కబురు విని సంతోషించాను. అద్దాలు రెండు జతలు చేయించండి, శిబిరంలో మొదట విరిగేవి అవే.

పోలండ్ షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల సమూహంలో ఉంది. వీసా కావలసినవారు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, మామూలుగా పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతారు గాని వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే ఆలస్యం. పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు, షెంగెన్ నుంచి బయటికి వచ్చే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పుటలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టుల గడువు చాలా దేశాలలో పెద్దవారి వాటికన్నా తక్కువ కనుక తేదీ ఇప్పుడే చూసుకోండి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మైనరు కనుక తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి. అదే పత్రం సరిహద్దులో కూడా అడగవచ్చు, కనుక అసలు ప్రతి నాయకుడి దగ్గర, నకలు పిల్ల దగ్గర ఉంచండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో దరఖాస్తు, బీమా, టికెట్టులో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మా యూనిట్‌లో ఒకసారి ఇంటి పేరు ముందూ వెనకా అయి రెండు వారాలు తిరిగాము.

టీకాల గురించి మీ డాక్టరును అడగండి, ముఖ్యంగా రెండింటిని గురించి. 2015లో జపాన్‌లో జరిగిన జాంబోరీ తరువాత స్కాట్లండ్, స్వీడన్ స్కౌట్లలో మెనింజోకోకల్ వ్యాధి (మెదడు పొరలకు, రక్తానికి సోకే తీవ్రమైన బాక్టీరియా జబ్బు) కేసులు బయటపడ్డాయి. గుడారాలలో దగ్గర దగ్గరగా పడుకునే వయసు పిల్లలకు ఆ టీకా చర్చించదగినది. మధ్య, తూర్పు ఐరోపాలోని కొన్ని ప్రాంతాలలో పిడుదు పురుగుల వల్ల వచ్చే మెదడువాపు ఉంది, దానికీ టీకా ఉంది. పూర్తి కోర్సు మూడు మోతాదులు, వాటి మధ్య నెలల వ్యవధి ఉంటుంది కనుక చివరి నెలలో ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. టీకా వేయించినా ప్రతి సాయంత్రం మోకాలి వెనక, చంకల్లో, జుట్టులో పురుగు ఉందేమో చూసుకోవడం నేర్పండి. అదే పురుగు తెచ్చే లైమ్ వ్యాధికి ఆ టీకా పనిచేయదు.

మందులు అట్టపెట్టె విప్పకుండా, డాక్టరు చీటీతో సహా ఇవ్వండి. ఒక దేశంలో మామూలు మందు మరో దేశంలో నిషిద్ధం కావచ్చు. ఏకాగ్రత లోపానికి కొన్ని దేశాలలో రాసే యాంఫెటమిన్ మందులను జపాన్‌లోకి చీటీ ఉన్నా అనుమతించరు. దారిలో విమానం మారే దేశం నిబంధనలు కూడా చూడాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపు ఉంటే సాధారణంగా అభ్యంతరం ఉండదు. చాకు దానికి వ్యతిరేకం, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. స్టవ్వు గ్యాసు డబ్బాలు మాత్రం ఎందులోనూ పెట్టకూడదు, అక్కడే కొనుక్కోవాలి. మా పిల్లల్లో ఒకరు ప్రతిసారీ ఒక డబ్బాతో వస్తారు, విమానాశ్రయంలో చెత్తబుట్ట దగ్గర నిలబడి వారికి వీడ్కోలు చెప్పిస్తాను.